తెలుగు తెరకు తొలి వార్తాస్వరం శాంతిస్వరూప్

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: సాయంత్రం 7 గంటలయ్యేసరికి ఇంటిల్లిపాదీ ఒక్కచోట చేరి వార్తలు వినే అలవాటు తెలుగునాట ఒక తరానికి సుపరిచితం. ఆ అలవాటుకు ముఖచిత్రంగా నిలిచినవారు శాంతిస్వరూప్. తెలుగులో తొలి టెలివిజన్ వార్తా చదువరిగా చరిత్రకెక్కిన ఆయన నవలా రచయిత కూడా. పత్రికారచన, ప్రసార మాధ్యమాల వైపు అడుగులు వేయదలచిన విద్యార్థులకు ఆయన ప్రస్థానం ఒక పాఠ్యాంశం వంటిది.

ఐదేళ్ల నిరీక్షణ

హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం 1977లో ప్రారంభమైంది. ఆ మరుసటి ఏడాది, అనగా 1978లో శాంతిస్వరూప్ అక్కడ ఉద్యోగంలో చేరారు. అయితే తెలుగులో వార్తా ప్రసారం ఆరంభం కాకపోవడంతో తెరపై కనిపించేందుకు ఐదేళ్లు వేచి ఉండవలసి వచ్చింది. 1983 నవంబరు 14న, జవహర్‌లాల్ నెహ్రూ జయంతి రోజున తొలి తెలుగు బులెటిన్ ప్రసారమైంది. దానిని చదివినవారు శాంతిస్వరూప్.

అంతకుముందు తెలుగు వార్తలకు ఆకాశవాణే ఆధారం. ఢిల్లీ, హైదరాబాద్, విజయవాడ కేంద్రాల నుంచి వెలువడే బులెటిన్లను గ్రామాల్లో రేడియో చుట్టూ గుమిగూడి వినేవారు. దినపత్రిక మరునాడు గాని అందని పల్లెలకు ఆ కంఠాలే లోకంతో అనుసంధానం. 1980వ దశకంలో రిలే కేంద్రాలు విస్తరించిన కొద్దీ ఇళ్ల కప్పులపై యాంటెన్నాలు వెలిశాయి. అప్పటివరకు విని ఊహించుకున్న వార్తను చదివే మనిషి ముఖంతో సహా చూసే అవకాశం కలిగింది.

జ్ఞాపకశక్తే ఆధారం

నేటి స్టూడియోల్లో టెలిప్రాంప్టర్ సర్వసాధారణం. కెమెరా కటకం ముందు ఏటవాలుగా అమర్చిన అద్దంపై అక్షరాలు కదులుతుంటాయి. చదువరి వాటిని చూస్తూ చదివినా, ప్రేక్షకునికి మాత్రం తన కళ్లలోకి చూసి మాట్లాడుతున్నట్లే తోస్తుంది. శాంతిస్వరూప్ పని ప్రారంభించిన నాటికి ఈ సదుపాయం లేదు. కాగితంపై రాసిన వార్తలను ముందుగా ఆకళింపు చేసుకుని, కంఠస్థం చేసి, కెమెరా వైపు చూస్తూ చెప్పేవారు. దాదాపు పదేళ్లు ఆయన ఈ విధంగానే బులెటిన్లు నిర్వహించారు.

ఇది కేవలం జ్ఞాపకశక్తి ప్రదర్శన కాదు. అర్థం కాని వాక్యం గుర్తుండదు. గుర్తుంచుకోవాలంటే వాక్యం చిన్నదిగా, సూటిగా ఉండాలి. ఆంగ్లం నుంచి మక్కికి మక్కిగా దింపిన వాక్యం కంటికి ఆనినా నోటికి ఎక్కదు. అందుచేత చదువరి నాలుకపై నిలిచిన తెలుగే శ్రోతకూ సులభంగా చేరింది. ఒత్తులు, దీర్ఘాలు స్పష్టంగా పలకడం, విషాద వార్తయినా విజయ వార్తయినా స్వరం హద్దు దాటకపోవడం ఆయన పద్ధతి. వార్త ప్రధానమని, చదువరి దానికి వాహకుడు మాత్రమేనని ఆ పద్ధతి చాటింది.

ఆయన సతీమణి రోజారాణి సైతం దూరదర్శన్‌లో వార్తలు చదివి ప్రేక్షకాదరణ పొందారు.

బులెటిన్‌లో ఇమడని కథలు

బులెటిన్‌లో ఎంతటి ఘటనకైనా దక్కేది కొద్ది నిమిషాలే. శాంతిస్వరూప్ నవలలకు ఎంచుకున్న వస్తువులు పరిశీలిస్తే, ఆ కొద్ది నిమిషాల్లో చెప్పడానికి వీలుకానివే అవి అని తెలుస్తుంది.

'రాతి మేఘం' నవలకు భోపాల్ విషవాయు దుర్ఘటన నేపథ్యం. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి వెలువడిన మిథైల్ ఐసోసైనేట్ వాయువు వేలమందిని బలిగొంది. బతికి బయటపడినవారిని దశాబ్దాల పాటు రోగాలు వెన్నాడాయి. వార్తగా అది మృతుల సంఖ్య, నష్టపరిహారం. మనుషుల గాథగా చెప్పాలంటే నవల అవసరమైంది.

'క్రేజ్' నవల క్రికెట్ మోజు చుట్టూ సాగుతుంది. 1983 జూన్‌లో భారత్ ప్రపంచకప్ గెలిచిన తరువాత ఆ మోజు ఊరూరా పాకడంలో టెలివిజన్ పాత్ర తక్కువేమీ కాదు. మూడవ నవల 'అర్ధాగ్ని' సతీసహగమన దురాచారాన్ని నిరసించింది. 1829లోనే నిషేధానికి గురైన ఈ ఆచారం 1987 సెప్టెంబరులో రాజస్థాన్‌లోని దేవరాలాలో ఒక యువతి ప్రాణం తీసింది. దరిమిలా పార్లమెంటు అదే ఏడాది ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది.

ప్రసార మాధ్యమంలో కొలువు, సాహిత్యంలో కృషి కలిసి సాగడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. నేటి మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో 1925లో జన్మించిన దాశరథి కృష్ణమాచార్యులు కూడా ఆకాశవాణిలో పనిచేసినవారే. 'తిమిరంతో సమరం' కావ్యానికి 1974లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు.

ఒక్క ఛానల్ నుంచి అనేకం వరకు

శాంతిస్వరూప్ 2011లో పదవీ విరమణ చేశారు. ఆయన వార్తలు మొదలుపెట్టిన నాడు తెలుగువారికి ఉన్నది దూరదర్శన్ ఒక్కటే. 1995లో ప్రైవేటు ఛానళ్లు, 2000వ దశకంలో 24 గంటల వార్తా ఛానళ్లు రంగప్రవేశం చేశాయి. వార్త ముందుగా ఎవరిస్తారన్న పోటీ పెరిగింది, స్వరాలు హెచ్చాయి. అయినా తెలుగు వార్తా పఠనం ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆయన పేరు తొలి వరుసలో వినిపిస్తూనే వచ్చింది. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం ప్రస్తుతం 'యాదగిరి' ఛానల్ పేరిట ప్రసారాలు సాగిస్తోంది.

గుండెపోటుతో హైదరాబాద్‌లోని ఓ ఆసుపత్రిలో చికిత్స పొందుతూ 2024 ఏప్రిల్ 5న శాంతిస్వరూప్ కన్నుమూశారు. రాజకీయ, పాత్రికేయ ప్రముఖులు ఆయనకు నివాళులర్పించారు.

చదువరి కాదలచినవారు ఆయన నుంచి గ్రహించదగిన పాఠం ఒక్కటే. యంత్రం అక్షరాలను కంటి ముందు నిలపగలదు గాని, వాటి అర్థాన్ని ముందుగా గ్రహించే బాధ్యత చదివేవారిదే. బిగ్గరగా చదివి, తడబడిన చోట వాక్యాన్ని సరిచేసుకునే అలవాటుకు స్టూడియో అక్కరలేదు, జిల్లాలోని ఏ పాఠశాల గదైనా చాలు.