ఆన్‌లైన్ రమ్మీ

ఆన్‌లైన్ రమ్మీ అంటే పదమూడు ముక్కల పేకాటను ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఆడించే ఆట. యాప్ ఉచితంగానే దిగుతుంది. లాభమంతా పాయింట్ల లెక్కలోనే ఉంటుంది.

జోకర్ లేని వరుస ఒక్కటైనా కుదరకపోతే చేతిలోని ముక్కలన్నీ లెక్కకొస్తాయి. ఆసు, రాజు, రాణి, జాకీలకు పదేసి పాయింట్లు, మిగతావాటికి వాటి అంకె విలువ, జోకర్‌కు సున్నా. గరిష్ఠం 80. మొదటే తప్పుకుంటే 20, మధ్యలో తప్పుకుంటే 40. పాయింట్ల రమ్మీలో ఓడినవారి పాయింట్లన్నీ కూడి, పాయింటు ధరతో హెచ్చిస్తే వచ్చే మొత్తమే గెలుపు సొమ్ము. అందులోంచి నిర్వాహక సంస్థ రుసుము మినహాయించుకుంటుంది. గెలుపు ఎవరిదైనా సంస్థ ఆదాయానికి లోటుండదు. ఈ ఆటలో గమనించాల్సిన అసలు సంగతి ఇదే.

సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967 నవంబరు 22న సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా గుర్తించింది. అయినా తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 

దేశవ్యాప్తంగా డబ్బు ఆటలను నిషేధించే కేంద్ర చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. దాని ప్రకారం ఆట నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఆడేవారికి శిక్ష లేదు.