నా మేజా మీద సలీబీ సిపాయిలు

దోస్తులారా, సారపాకలో నా మేజా చూసిన ప్రతి ఒక్కరూ ఒకటే సవాల్ అడుగుతారు: "ముసల్మాన్‌వి అయ్యుండి సలీబీల బొమ్మలకు రంగులేస్తావేంది భాయ్? సలాహుద్దీన్ ఫౌజును చేసుకోరాదా?" సలాహుద్దీన్ ఫౌజు కూడా ఉంది. కానీ ఒక్క ఫౌజుతో జంగ్ కాదు, ఒక్క వైపు నుంచి చెబితే తారీఖూ కాదు.

ఇవి 1/72 కొలత బొమ్మలు. ఆరడుగుల మనిషి రెండున్నర సెంటీమీటర్లకు కుదించుకుపోతాడు. ముందు నల్లరంగు పూస్తాను. ఆరాక, దాదాపు పొడిగా ఉన్న బ్రష్షుతో వెండిరంగును పైపైన రుద్దితే జిరహ్, అంటే ఇనుప వలయాల అంగీ, వలయం వలయంగా తేలుతుంది. వెండి ఎక్కువైతే పెళ్లికొడుకు షేర్వానీలా మెరుస్తుంది, జంగ్‌లో తిరిగిన ఇనుములా ఉండదు. హైదరాబాద్‌లో సాలార్ జంగ్ మ్యూజియం ఆయుధాల గదికి వెళితే అసలు జిరహ్ రంగు తెలుస్తుంది.

డబ్బాలో వచ్చే సిపాయిలను గుడ్డిగా నమ్మితే తారీఖ్ తప్పుతుంది. తలంతా కప్పే బాల్చీలాంటి శిరస్త్రాణం 13వ శతాబ్దంలో స్థిరపడింది. 1187 నాటి హత్తీన్ జంగ్‌కైతే ముక్కు మీదికి ఇనుపపట్టీ దిగే టోపీలే ఎక్కువ సరిపోతాయి. టెంప్లర్ సర్దార్లకు తెల్ల చాదర్, ఎర్ర సలీబ్. వాళ్ల కింది సిపాయిలకు నలుపో గోధుమరంగో. హాస్పిటలర్లకు నల్ల చాదర్ మీద తెల్ల సలీబ్.

ఈ రంగుల వెనక నెత్తురుంది. 1095లో పోప్ రెండో అర్బన్ క్లెర్మాంట్‌లో పిలుపునిచ్చాడు. 1099 జులై 15న సలీబీలు బైతుల్ ముఖద్దస్‌లోకి జొరబడి ముసల్మాన్లను, యూదులను కతల్ చేశారు. ఆ జుల్మ్‌ను ఏ రంగూ కప్పలేదు. కప్పాలని నాకూ లేదు.

అయితే అదే గడ్డ మీద ఉసామా ఇబ్న్ మున్‌ఖిజ్ కూడా బతికాడు. సిరియాలోని షైజర్ ఖిల్లా ఖాందాన్ వాడు, తల్వార్ పట్టి సలీబీలతో తలపడినవాడు. ముసలితనంలో రాసిన 'కితాబుల్ ఏతిబార్'లో ఒక ముచ్చట చెప్పాడు. అఖ్సా పక్కన ఉన్న చిన్న మసీదును సలీబీలు చర్చిగా మార్చుకున్నారు. ఉసామా వెళ్లినప్పుడల్లా అతని దోస్తులైన టెంప్లర్లు నమాజ్ కోసం దాన్ని ఖాళీ చేసి ఇచ్చేవారట. ఒకరోజు కొత్తగా ఓడ దిగివచ్చిన ఫిరంగీ ఒకడు ఉసామాను పట్టుకుని, ఇటు కాదు, తూర్పుకు తిరిగి దువా చెయ్యమని గుంజాడు. టెంప్లర్లే వాడిని లాగేసి, ఉసామాను మాఫీ అడిగారు. అక్కడే ఏళ్లతరబడి ఉన్నవాడికి పక్కింటివాడి ఇమాన్ అలవాటైంది. నఫ్రత్ కొత్తగా దిగినవాడి చేతిలో ఉంది.

సలాహుద్దీన్‌నూ పూరాగా చూడాలి. తిక్రీత్‌లో పుట్టిన కుర్దు. 1187 జులై 4న హత్తీన్‌లో, ఎండకు దాహంతో అల్లాడిన సలీబీ ఫౌజును చుట్టుముట్టి గెలిచాడు. ఖైదీ అయిన బాద్షా గీకి చల్లని షర్బత్ ఇచ్చి జాన్ కాపాడాడు. హాజీల కాఫిలాను దోచిన రెనాల్డ్‌ను మాత్రం వదల్లేదు. తర్వాత, చేతికి చిక్కిన టెంప్లర్లను, హాస్పిటలర్లను కతల్ చేయించాడు. అదే ఏడు అక్టోబర్ 2న బైతుల్ ముఖద్దస్ లొంగినప్పుడు 1099 నాటి ఊచకోతకు బదులు తీర్చుకోలేదు. మగవాళ్లకు 10 దీనార్లు, ఆడవాళ్లకు 5 చొప్పున ఫిద్యా తీసుకుని వదిలాడు. కొందరు గరీబులను ఊరికే వదిలేశారు, కట్టలేని వేలమంది గులాములయ్యారు. రహమ్ ఉంది, సఖ్తీ ఉంది. రెండూ ఆ ఒక్కడివే.

ఉర్దూ చదివే మన పెద్దల దిల్‌లోకి ఈ జంగులు ఎక్కువగా నవలల నుంచి వచ్చాయి. వాల్టర్ స్కాట్ 'టాలిస్మాన్'కు జవాబుగా, కొంతకాలం నిజాం కొలువులో ఉన్న అబ్దుల్ హలీమ్ షరర్ 1888లో 'మలికుల్ అజీజ్ వర్జీనా' రాశాడు. స్కాట్ తన వాళ్లకు, షరర్ మన వాళ్లకు మెరుగులు దిద్దారు. ఇప్పుడు వాట్సాప్‌లో తిరిగే తారీఖుకు ఆ హునర్ కూడా లేదు. అందులో ఒక ఫౌజు ఫరిష్తాలు, ఇంకో ఫౌజు షైతాన్లు.

మనకు ఇది సమజ్ కావడానికి ఫలస్తీన్ దాకా పోనక్కర్లేదు. గోదావరి వంతెన దాటితే భద్రాచలం. పాల్వంచ తహసీల్దార్ కంచర్ల గోపన్నను గోల్కొండ ఖైదులో పెట్టించింది తానీషా. సీతారాముల కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే రివాజు కూడా తానీషా పేరు మీదే ఉంది. ఈ ఇలాఖాలో పుట్టిన పిల్లలకు రెండూ తెలుసు. ఖైదు ఒక్కటే చెప్పేవాడూ, ముత్యాలు ఒక్కటే చెప్పేవాడూ మనకు సగం తానీషానే చూపిస్తున్నాడు.

అందుకే, భాయ్, దుష్మన్ బొమ్మ మొహానికి కూడా నేను అదే బ్రష్షు, అదే సబర్ వాడతాను. కళ్లు పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టాలి, చెయ్యి వణికితే మొహం ఖరాబ్. సలాహుద్దీన్ సిపాయికైనా అంతే, టెంప్లర్‌కైనా అంతే. మొహం ఖరాబ్ చేసి గెలిపిస్తే ఆ గెలుపులో సలాహుద్దీన్ ఇజ్జత్ ఏముంది?