రాయి చెడదు, ఆకలి ఆగదు

యాదగిరిగుట్టకు పోవు యాత్రికుడు దేవుని దర్శించును గాని, ఆ కోవెలను మోయుచున్న రాతిని గూర్చి తలపోయడు. 2016లో మొదలిడిన ఆలయ పునర్నిర్మాణము కృష్ణశిలతో సాగి, 2022 మార్చి 28వ తేదీన మహాకుంభ సంప్రోక్షణము జరిగినది. శిల్పుల నేర్పును అందరును కొనియాడిరి. కొండనుండి రాతిని విడదీయు కుటుంబముల చరిత్రను వ్రాసినవారు మాత్రము అరుదు. తెలుగునాట ఆ పని తరతరములుగా వడ్డెరలది.

ఇది ఒకని వృత్తి కాదు, ఇంటిల్లిపాది వృత్తి. మగడు బండపై మంట వేసి పొర లేపును. ఉలితో వరుసగా గుంతలు తొలిచి, ఇనుప చీలలు దిగవేసి, సమ్మెటతో రాతిని చీల్చును. ఇల్లాలు కంకర కొట్టును, తట్ట మోయును. వీరి పెట్టుబడి యెంత? పనిముట్లకు ఇనుము, ఉలులు సాగగొట్టు కొలిమికి బొగ్గు, ఒక యెడ్లబండి, కూలి చేతికి వచ్చువరకు తిండిగింజలు. మొదటి మూడును లేకున్న పని ఆగును. నాల్గవది లేకున్న ప్రాణమే ఆగును.

1929లో లోకమంతట ఆర్థికమాంద్యము కమ్మి పంటల ధరలు పడిపోయెను. చేత పైకము లేని రైతు బావికి రాతికట్టు కట్టించునా? అట్టి కాలమున పని చూపగలది ప్రభుత్వమే. మంజీరపై నిజాంసాగరు 1931లో ముగిసెను. 1934లో శంకుస్థాపన జరిగిన ఉస్మానియా ఆర్ట్సు కళాశాల రాతిభవనము 1939 డిసెంబరు 4న తెరవబడెను. అప్పటికి ఐరోపాలో యుద్ధము మొదలై మూడు నెలలైనది. తరువాత ఇనుము ఆయుధములకు మరలెను; ధాన్యము ప్రియమయ్యెను. యుద్ధము ముగిసినను నల్లగొండకు శాంతి దొరకలేదు. 1946 నుండి సాయుధపోరాటము, 1948లో ఆర్థిక దిగ్బంధము, ఆ సెప్టెంబరులో సైనికచర్య. ఇండ్లు తగులబడుచున్న దినములలో ఇండ్లు కట్టించువారెవరు?

రాయి చెడిపోవు సరకు కాదు. నేడు అమ్ముడుపోనిది పదేండ్లకైనను అమ్ముడుపోవును. ఆకలి మాత్రము అన్నినాళ్లు ఆగదు. కావున రాతికూలి గుత్తదారుని యొద్ద బయానా పుచ్చుకొనును. ఆ బయానా అప్పగును. అప్పు సంకెల యగును. వెట్టిచాకిరిని రద్దుచేయు చట్టము 1976లో గాని రాలేదు. లెక్కపుస్తకము గుత్తదారునిది, అందులో ఇల్లాలి కష్టము మగని కూలిలో కలిసిపోవును, ఆమె పేరైనను కానరాదు.

1955 డిసెంబరు 10న నందికొండ యొద్ద నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగి, పండ్రెండేండ్లలో ఆ రాతి ఆనకట్ట లేచెను. ఎందరి సమ్మెటలకో పని దొరకెను. కాని పని ముగిసిన మరునాడు పొదుపు లేని కుటుంబమునకు మాంద్యమే. 2020లో మహమ్మారి వలన దేశమంతట పనులు నిలిచినప్పుడును ఇదే పాఠము మరల వినబడినది.

సోదరీసోదరులారా! పని యున్ననాడే సహకార సంఘములో నాలుగు రూకలు నిలువ చేయుట, ఇల్లాలి కూలిని ఆమె పేరనే వ్రాయుట, ఆ లెక్క చదువగలుగునట్లు బిడ్డను బడికి పంపుట, ఈ మూడును వారికి సమకూర్చుట మన విధి. మన యింటి పునాదిలో వారు చీల్చిన రాయి యున్నది. ఆ రాతికి వెల యిచ్చితిమి సరే. అది యెవరి చేతికి చేరినదో యడిగితిమా?