పిల్లల కీలు వాపు: చీమా, కీళ్లవాతమా?

రాత్రి ఆడుకుని పడుకున్న మూడేళ్ల పాప తెల్లారేసరికి కాలు కింద పెట్టనంటే, ఇంట్లో మొదట వచ్చే మాట "బెణికి ఉంటుంది". ఆముదం రాసి, రెండు రోజులు చూద్దామంటారు. ఆ రెండు రోజులే ఒక్కోసారి కొంప ముంచుతాయి. కీలులో చీము పడితే (సెప్టిక్ ఆర్థరైటిస్) మృదులాస్థి కొద్ది రోజుల్లోనే పాడవుతుంది. తుంటి అయితే తొడ ఎముక తలకు రక్తప్రసరణ కూడా దెబ్బతినవచ్చు. పిల్లల కీళ్లవాతం (జేఐఏ) అంత తొందరపెట్టదు.

చీము పట్టిన కీలును పిల్లలు ముట్టుకోనివ్వరు. జ్వరం ఉంటుంది, కదిలిస్తే ఏడుస్తారు. కీళ్లవాతంలో మోకాలు బాగా వాచినా పిల్ల ఆడుతూనే ఉండవచ్చు. పొద్దున బిగుసుకుపోయి కుంటుతుంది, కాసేపు తిరిగాక సర్దుకుంటుంది. 16 ఏళ్లలోపు మొదలై, కనీసం 6 వారాలు ఉండి, వేరే కారణం లేదని తేలాకే ఆ పేరు పెడతారు.

తుంటి విషయంలో 1999లో కోకర్ బృందం చెప్పిన నాలుగు గుర్తులను వైద్యులు ఇప్పటికీ చూస్తారు: 38.5 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, కాలు మోపలేకపోవడం, ఈఎస్‌ఆర్ 40 పైన, తెల్ల కణాలు 12,000 పైన. అయితే ఈ కొలత చీమును తాత్కాలిక తుంటి వాపు నుంచి విడదీయడానికి పుట్టింది, కీళ్లవాతం కోసం కాదు. పైగా పసిపిల్లల్లో కింగెల్లా అనే బ్యాక్టీరియా పెద్ద జ్వరం లేకుండానే కీలు పట్టగలదు. అల్ట్రాసౌండ్‌లో నీరు కనబడుతుంది గాని అది చీమో కాదో తేలదు. అందుకే సూదితో నీరు తీసి కల్చర్‌కు పంపాలి. కణాలు 50,000 దాటితే చీము అనుమానం గట్టిపడుతుంది; కీళ్లవాతంలోనూ అప్పుడప్పుడు దాటుతాయి. నీరు తీయకముందే యాంటీబయాటిక్ పడితే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు.

మన దేశంలో క్షయనూ మరవకూడదు. ఒకే మోకాలు వారాల తరబడి మెల్లగా వాస్తే అచ్చం కీళ్లవాతంలాగే ఉంటుంది. అది కాదని తేల్చకుండా స్టెరాయిడ్ ఇవ్వడం ప్రమాదం.

ఇంట్లో తెలుగు, ఆస్పత్రిలో తమిళమో కన్నడమో ఒడియానో మరాఠీయో మాట్లాడే మనవాళ్లు "కాలు నొప్పి" అని ఊరుకోవద్దు. "పొద్దున బిగుసుకుపోతోంది" అని అమ్మమ్మ గమనించిన సంగతి మాట మారేటప్పుడే జారిపోతుంది. ఎప్పుడు మొదలైంది, జ్వరమెంత, నిలబడుతోందా, ఇప్పటికే ఏ మందు వేశారు అన్నవి రాసుకుని, పాత చీటీతో సహా వెళ్లండి.

కీళ్లవాతమని తేలితే కంటి డాక్టర్‌కూ చూపించాలి. ఎరుపు, నొప్పి లేకుండానే కంటి లోపల వాపు రావచ్చు; స్లిట్ ల్యాంప్‌తో చూస్తే తప్ప దొరకదు.