మసక వెనక ఏముంది?

పువ్వు ఫొటోలో వెనకభాగం మెత్తగా కరిగిపోవాలంటే ఖరీదైన లెన్సు కావాలని కెమెరా కొత్తగా పట్టినవాళ్లు అనుకుంటారు. చరిత్ర చూస్తే అది సగం నిజమే. 1840లో జోసెఫ్ పెట్స్‌వాల్ ఎపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) వెడల్పుగా ఉన్న ఎఫ్/3.6 లెన్సును రూపొందించింది వెలుతురు కోసం. మనుషులు నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవలసిన బాధ తగ్గించడమే ఆయన ఉద్దేశం; మసక దాని వెంట వచ్చింది. 1889లో ఫొటోగ్రాఫర్ పీటర్ హెన్రీ ఎమర్సన్ ఆ మసకకు సిద్ధాంతం కట్టాడు. కన్ను ఒకచోటనే స్పష్టంగా చూస్తుంది కనుక ఫొటో కూడా ముఖ్యమైనదాన్నే స్పష్టంగా చూపాలన్నాడు. 1932లో ఏర్పడిన ఎఫ్/64 ఫొటోగ్రాఫర్ల బృందం దాన్ని కాదని అంతటా స్పష్టతే కోరింది. ఆ బృందంలోని ఇమోజెన్ కన్నింగ్‌హామ్ 1925లో తీసిన మాగ్నోలియా పువ్వు ఫ్రేమంతా నిండి, వెనకభాగానికి చోటే మిగల్చలేదు. 2016లో ఐఫోన్ 7 ప్లస్ మసకను సాఫ్ట్‌వేర్‌తో లెక్కగట్టి వేసింది. పరికరాలు మారాయి, అభిరుచులు మారాయి. కెమెరాకు పువ్వు ఎంత దగ్గర, పువ్వుకు వెనకభాగం ఎంత దూరం అన్న లెక్క మాత్రం మారలేదు.

భూపాలపల్లి జిల్లా చెల్పూర్‌లో ఈ లెక్కకు మరో బరువుంది. బతుకమ్మ రోజుల్లో గునుగు, తంగేడు పూసే ఈ ప్రాంతంలోనే 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. మామూలు 55 మిల్లీమీటర్ల లెన్సుతో, ఎఫ్/5.6 వద్ద, గునుగు కంకి ఎత్తుకు వంగి దగ్గరగా తీస్తే దూరాన ఉన్న పొగగొట్టం ఆకాశంలో కలిసిపోతుంది. వెనకే పొద ఆనుకుని ఉంటే ఎంత మంచి లెన్సయినా పెద్దగా సాయపడదు. ఎపర్చర్ మరీ తెరిస్తే కంకిలోనే సగం మసకబారుతుంది. ఫోన్ లెక్కేమో గునుగు సన్నని అంచుల దగ్గర తరచూ తడబడుతుంది.

మసకబారిస్తే ఊరే మాయమవుతుంది, ఆ పువ్వు ఎక్కడిదైనా కావచ్చు అన్న అభ్యంతరం బలమైనదే. అయితే తప్పు మసకది కాదు, దాని మోతాదుది. ఎపర్చర్‌ను ఎఫ్/11కు తగ్గించి ఒక అడుగు వెనక్కి జరిగితే పువ్వు ముందే నిలుస్తుంది, వెనక పొగగొట్టం పోలిక తెలుస్తుంది. పండుగ పువ్వూ కరెంటు ఊరూ ఒకే ఫొటోలో ఉంటాయి. కాబట్టి కొత్తవాళ్లు లెన్సు కొనే ముందు, పువ్వు వెనక ఏది ఉండాలో, ఏది కరగాలో తేల్చుకోవాలి.