బొగ్గుసీమలో పానరుచులు



మద్యమును గూర్చి మాటలాడువారు సాధారణముగా రెండు తెరగులవారు. ఒకరు దానిని దూషింతురు, మరియొకరు పరిహాసమాడుదురు. నేను నేడు ఈ రెండును చేయబూనలేదు. గోదావరికి దక్షిణమున రామగుండము, గోదావరిఖని. ఉత్తరమున మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి. ఈ బొగ్గుసీమలో జనులకు ఏ పానీయము ప్రీతియైనది, ఆ ప్రీతి కాలక్రమమున ఎట్లు మారినది అను విషయమును చరిత్రదృష్టితో విచారింతును. నా అభిప్రాయమును ముందే మనవి చేయుదును. రుచి తనదేయని మనుష్యుడు తలంచును. కాని ఆ రుచిని చెట్టు కొంత, చేయు పని కొంత, సర్కారు పన్ను కొంత నిర్ణయించినవి.

ఈ సీమకు తొలిరుచి కల్లు. తాటికల్లు ఒకటి, ఈతకల్లు మరియొకటి. గౌడులు మోకు, ముస్తాదుల సాయమున చెట్టెక్కి, తాటిగెలను కత్తితో చెక్కి, లొట్టి కట్టుదురు. ఈతచెట్టునకైనచో గెలను గాక మొవ్వు క్రింది కాండమునే గీయుదురు. తాటియందును పోతుతాడు, పండుతాడు అను భేదములు కలవు; వాని ఋతువులు వేరు, వాని రుచులును వేరు. తెల్లవారకముందు దించినది తీయగా నుండును. ప్రొద్దెక్కిన కొలది, గాలిలోను లొట్టిలోను ఉండు సూక్ష్మజీవులు అందలి చక్కెరను సారముగా మార్చివేయును. మధ్యాహ్నమునకు అది పులిసి మత్తు గొల్పును, మరునాటికి పుల్లనీరగును. కావున కల్లు దూరమునకు పోజాలని పానీయము. ఏ ఊరి కల్లు ఆ ఊరిదే. దానిని దించినవాడెవ్వడో త్రాగువాడెరుగును. తాటాకు రేకను దోసిట పట్టి, నలుగురు కూర్చుండి త్రాగుట దాని మర్యాద.

గోదావరి దాటి అడవి చేరినచో రెండవ రుచి ఎదురగును. అది ఇప్పసారా. ఫాల్గుణ చైత్రములలో ఇప్పపూలు రాత్రివేళ రాలును. వేకువనే స్త్రీలు, పిల్లలు వానిని ఏరి ఎండబెట్టుదురు. ఎండిన పువ్వు బరువులో సగమునకు పైగా చక్కెరయే. దానిని నీట నానవేసి, పులియబెట్టి, కుండపై కుండ నిలిపి ఆవిరి చల్లార్చి సారా దీయుదురు. గోండులకు అది కేవలము పానీయము కాదు. దేవర ముందును, పెండ్లియందును, మృతుల క్రియలయందును దానిని ధారవోయనిదే తంతు పూర్తికాదు. ఆ పువ్వే కరవున ఆహారము. ఆ గింజయే దీపమునకు నూనె. ఇట్టి చెట్టును నరుకుటకు అడవిబిడ్డలకు చేయి రాదు.

ఇక సర్కారు సంగతి. పానమునుండి రాబడి దీయుట నేటి మాట కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షుడను అధికారికి ఒక అధ్యాయమే కలదు. మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము మున్నగు పానీయభేదములు అందు చెప్పబడినవి. అయితే ఉత్సవములకు, యాత్రలకు నాలుగు దినములు జనులు తామే సుర చేసికొనవచ్చునను సడలింపును ఆ రాజనీతిజ్ఞుడు ఉంచెను. తరువాతి దొరతనములకు ఆపాటి ఔదార్యమును లేకపోయెను. 1892లో బొంబాయి ప్రభుత్వము ఇప్పపువ్వునే నిర్బంధించుచు ప్రత్యేక శాసనము చేసెను. మన నైజాము రాజ్యమున 1316 ఫసలీనాటి ఆబ్కారీ చట్టము వెలసెను. ఆబ్కారీ ఆ రాజ్యపు ప్రధానాదాయములలో ఒకటి. చెట్టునకు పన్ను, దుకాణమునకు వేలము, వేలము పాడినవానికి పెత్తనము. చెట్టెక్కువాడొకడు, లాభము దీయువాడొకడు అయ్యెను. 1947లో నైజామును ఎదిరించిన ఉద్యమకారులు సర్కారు రాబడిని దెబ్బదీయుటకై తాటిచెట్లను, ఈతచెట్లను నరికించిరి. చెట్టు చేసిన నేరమేమియు లేదు. ఖజానాకు కొమ్మ యగుటయే దాని నేరము. గీతవృత్తివారికి మాత్రము ఆ గొడ్డలి కడుపునకే తగిలినది.

ఈలోగా భూగర్భము తెరచుకొనెను. 1871లో విలియం కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లందు చెంత బొగ్గును కనుగొనెను. 1886లో ఇంగ్లండున హైదరాబాదు దక్కను కంపెనీ ఏర్పడెను; 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయ్యెను. గనులు ఉత్తరముగా వ్యాపించి, 1960వ దశకపు తొలినాళ్లలో రామగుండమునకు చేరినవి. పలు జిల్లాలనుండి కూలీలు వచ్చి చేరగా గోదావరిఖని పట్టణమాయెను.

రుచి మారుటకు కారణమిచ్చట గ్రహింపవలెను. వ్యవసాయదారునికి ప్రొద్దున్నది, ఋతువున్నది. కల్లు ఆ రెంటిని అనుసరించును. గని కార్మికునికి ప్రొద్దు లేదు, షిఫ్టు ఉన్నది. రాత్రి షిఫ్టు దిగి ఉదయమునను, రెండవ షిఫ్టు దిగి అర్ధరాత్రమునను పైకి వచ్చువానికి లొట్టిలోని కల్లు కాచుకొనియుండదు. నిలువయుండునది, వెంటనే తలకెక్కునది వానికి కావలెను. మెయి నొప్పి, ఉక్క, పైకప్పు కూలునేమో యను భయము దీనికి తోడు. పైగా నెలకొకమారు చేతికి రొక్కము వచ్చును. ఇట్టిచోట సారా దుకాణము నిలదొక్కుకొనుటలో వింత లేదు. కల్లు ఊరి పానీయము. సారా జీతపు పానీయము.

1980వ దశకమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వారుణివాహిని యను పేర సారాను తానే పొట్లములలో సరఫరా చేయించెను. పొట్లము జేబులో పట్టును. నలుగురి ఎదుట కూర్చుండి త్రాగవలసిన పని లేదు. అంతటితో పెద్దల కన్నును తప్పిపోయెను. దీని ఫలము ఇంటింటి స్త్రీలకు తెలిసినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు, రాత్రిబడిలో అక్షరములు నేర్చినవారు, సారా దుకాణమును మూయించిరి. ఆ నిప్పు రాష్ట్రమంతటను రాజుకొనెను. 1993 అక్టోబరున ప్రభుత్వము సారాను నిషేధించెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను, 1997లో సడలిపోయెను.

సారా పోయిన చోటికి సీసా వచ్చెను. దానిని విదేశీమద్యమందురు గాని, అందు పెక్కింటికి మూలము మన చెరకు మడ్డియో, మన ధాన్యమో. నూటికి నలువదిరెండు పాళ్లకు పైగా సారమున్నది. బీరు వేరు. యవలను మొలకెత్తించి, ఎండబెట్టి, ఉడికించి, హాప్సు అను చేదుపువ్వు వేసి పులియబెట్టినది. దానిని కాచి ఆవిరి దీయరు. సామాన్యమైన బీరునకును పులిసిన కల్లునకును మత్తులో భేదము స్వల్పము. చలిదేశపు ఈ పానీయమునకు నేడు తెలంగాణమున మిక్కిలి గిరాకి. ఎండకాలమున గనిసీమలో చల్లని బీరునకున్న ఆదరము ఎల్లరెరిగినదే. చెట్టునుండి దిగిన చల్లదనమునకు అలవడిన నాలుక మంచుపెట్టెలో దానిని వెదకుకొనుచున్నదని నాకు తోచును.

నా రుచిని అడిగినచో, మాఘమాసపు చలిలో తెల్లవారుజామున దించిన ఈతనీరు నాకు ప్రీతి. ఇది నీతివాక్యము కాదు, రుచిభేదము మాత్రమే. కాని ఇందు రుచికి మించిన సంగతి ఒకటి కలదు. నేడు చెట్లు తగ్గినవి. చెట్లు తగ్గిన పలుచోట్ల కల్లు మాత్రము తగ్గలేదు. క్లోరల్ హైడ్రేటు, డైజిపాము వంటి మత్తుమందులను నీటిలో కలిపి కల్లని అమ్ముట తెలంగాణమున పలుమారులు పట్టుబడినది. దానికి అలవడినవారు ఒక్కమారుగా మానినచో పిచ్చిగా ప్రవర్తించుటయు, ఆసుపత్రుల పాలగుటయు జరిగినది. ఇది కల్లు దోషము కాదు. చెట్టునకు, గీచువానికి, త్రాగువానికి నడుమనున్న ఎరుక తెగిపోవుటయే దోషము.

కావున గ్రామపెద్దలకు నాదొక విన్నపము. త్రాగుమనియు, మానుమనియు చెప్పుటకు ముందు ఒక లెక్క వేయుడు. మీ ఊర గీచు చెట్లెన్ని? దుకాణమున అమ్ముడుపోవు కల్లెంత? ఒక్కొక్క చెట్టు దినమునకు కొన్ని లీటర్లే ఇచ్చును. ఇరువది చెట్ల ఊరిలో వందలకొలది లీటర్లు చెల్లిపోవుచున్నచో, మిగిలినది ఎచ్చటినుండి దిగినదో అడుగుడు. ఈ లెక్కకు గొప్ప చదువు అక్కరలేదు. చెరువుగట్టున నాలుగు ఈతమొక్కలు నాటించినచో, మీ మనుమలకాలమునకు ఆ లెక్క కొంత సరిపడును.