పరస్పర సాంస్కృతిక అవగాహనా కార్యక్రమాలకు స్వల్ప గ్రాంట్లు: మార్కాపురం, గిద్దలూరు ప్రాంత సంస్థల అర్హతలు

ఒక వర్గం కళలను, ఆచారాలను ఇతర వర్గాలకు పరిచయం చేసే ఉత్సవాలు, ప్రదర్శనలు, సదస్సులు, కార్యశాలలు, పరిశోధనలకు కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ తన 'కళా సంస్కృతి వికాస్ యోజన'లోని కార్యక్రమ, ప్రదర్శన గ్రాంటు విభాగం ద్వారా ఆర్థిక సహాయం కల్పించినది.

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పాటు సందర్భంగా కర్నూలు జిల్లా నుండి విడివడి అందులో చేరినవి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు పెట్టడం జరిగినది. రాయలసీమ, కోస్తా యాసలు రెండూ ఇక్కడ వినవస్తాయి. దోర్నాల, యర్రగొండపాలెం వైపు నల్లమలలో చెంచు గూడేలు ఉన్నవి. పీర్ల పండుగలో హిందువులు పాల్గొనడం తెలుగునాట అనేక గ్రామాలలో పరిపాటి. కార్యక్రమాలకు ఇతివృత్తముల కొరత లేదు, కొరత కాగితాలకే.

మార్గదర్శకాల ప్రకారం దరఖాస్తు చేసే సంస్థ లాభాపేక్ష లేని సొసైటీ, ట్రస్టు లేక స్వచ్ఛంద సంస్థ అయి, రిజిస్టరై కనీసం 3 సంవత్సరములు పూర్తి చేసి ఉండవలెను. నీతి ఆయోగ్ వారి ఎన్జీవో దర్పణ్‌లో నమోదు కూడా అవసరం. మతసంస్థలుగా గానీ, పాఠశాలలు, కళాశాలలుగా గానీ నడిచే సంస్థలు అర్హములు కావు. కావున పండుగ నిర్వహించే ఆలయ కమిటీ లేక దర్గా కమిటీ నేరుగా దరఖాస్తు చేయజాలదు. రిజిస్ట్రేషన్ లేని గూడెం కళాబృందం పరిస్థితియు అంతే. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నేడు నమోదైనను మూడేండ్లు వేచి ఉండక తప్పదు. ఈలోగా అర్హత గల సంస్థ దరఖాస్తు చేసి, అట్టి బృందమును కళాకారులుగా చేర్చుకొనవచ్చును. అయితే జమాఖర్చుల బాధ్యత పూర్తిగా దరఖాస్తుదారు సంస్థదే.

సహాయం మొత్తం వ్యయంలో 75 శాతానికి, సాధారణంగా గరిష్ఠంగా రూ. 5 లక్షలకు పరిమితం. మిగిలినది సంస్థ సమకూర్చుకొనవలెను. సహాయం 75, 25 శాతం చొప్పున రెండు విడతలుగా విడుదలగును. ఉదాహరణకు రూ. 4 లక్షల కార్యక్రమానికి గరిష్ఠంగా రూ. 3 లక్షలు లభించును. అందులో మొదటి విడత రూ. 2.25 లక్షలే. రెండవ విడత కార్యక్రమానంతరం లెక్కలు సమర్పించిన పిమ్మట మాత్రమే వచ్చును. అనగా అప్పటివరకు రూ. 1.75 లక్షలు సంస్థయే భరించవలసి ఉండును. చిన్న సంస్థలు చిక్కుపడేది ఇక్కడనే. సాధారణ ఆర్థిక నియమావళి, 2017లోని 12-ఎ నమూనాలో వినియోగ ధ్రువపత్రం సమర్పించవలసి ఉంటుంది.

విదేశీ రాయబార కార్యాలయాలు, సాంస్కృతిక ప్రతిష్ఠానముల గ్రాంట్ల విషయం వేరు. వాటికి విదేశీ విరాళాల (నియంత్రణ) చట్టం, 2010 కింద రిజిస్ట్రేషన్ లేక ముందస్తు అనుమతి తప్పనిసరి. 2020 సవరణ ప్రకారం అట్టి నిధులు ముందుగా భారతీయ స్టేట్ బ్యాంకు న్యూఢిల్లీ ప్రధాన శాఖలోని ఖాతాకే చేరవలెను. వాటిని మరొక సంస్థకు బదిలీ చేయరాదు. కనుక పైన తెలిపిన భాగస్వామ్య పద్ధతిలో ఆ నిధులను స్థానిక సంస్థకు గ్రాంటుగా మళ్లించుటకు వీలులేదు.